సంక్షిప్తలిపి: వ్రాయుట ఒక ఎత్తు, చదువుట ఒక ఎత్తు

షార్ట్‌హ్యాండు అనగానే మనకు మొదట స్ఫురించునది వేగము. నిమిషమునకు 80 మాటలు, 100 మాటలు, 120 మాటలు అని లెక్కించుట అలవాటు. కాని స్టెనోగ్రాఫరు పని వ్రాతతో ముగియదు. వ్రాసినదానిని తప్పు లేకుండ చదివి, పూర్తి అక్షరములలో ఎత్తి వ్రాసినప్పుడే ఆ శ్రమ ఫలించును. చదువరాని సంక్షిప్తలిపి గీతల గుంపే గాని లిపి కాదు. కనుక ఈ వ్యాసమున వేగమును ప్రక్కన నుంచి, ఆ గీతలను చదువుట ఎట్లు, జ్ఞప్తియందు నిలుపుకొనుట ఎట్లు అను రెండు విషయములను మాత్రమే విచారింతము.

మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతము 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలోని మెట్ట భాగము, నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. చదువు ముగియగానే టైపు, షార్ట్‌హ్యాండు నేర్చి, కోర్టులకును కచేరీలకును బ్యాంకులకును ఉద్యోగార్థులై పోవుట మన పట్టణములలో ఒక తరమువారికి పరిపాటి. ఆ తరమువారు ఒక్కొక్కరుగా విశ్రాంతి తీసికొన్నారు. వారి నోటుపుస్తకములలోని గీతలను చదువగలవారు నానాటికి తగ్గుచున్నారు. ఈ విద్యను గురించి మనము ఇప్పుడే మాటలాడుకొనుటకు అది యొక కారణము.

లిపి నిర్మాణము

మన దేశమున ఆంగ్ల స్టెనోగ్రాఫర్లలో మిక్కిలి వ్యాపించినది పిట్మన్ పద్ధతి. సర్ ఐజాక్ పిట్మన్ (1813–1897) ఇంగ్లండులో దీనిని 1837లో ప్రకటించెను. దీని మూలసూత్రము ఒక్కటే: వర్ణక్రమమును విడిచి, ధ్వనిని మాత్రమే వ్రాయుట. చెవికి వినబడని అక్షరమునకు ఇందు స్థానము లేదు.

హల్లులకు సరళరేఖలు, వంపురేఖలు కలవు. ఇక్కడ తెలుగు విద్యార్థికి ఒక సౌలభ్యము కలదు. మన వ్యాకరణమున క, చ, ట, త, ప పరుషములనియు, గ, జ, డ, ద, బ సరళములనియు చిన్ననాడే నేర్చియున్నాము. పిట్మన్ పద్ధతి ఈ భేదమునే ఆధారము చేసికొన్నది. ‘ప’ ధ్వనికి ఏ రేఖయో ‘బ’ ధ్వనికి అదే రేఖ. మొదటిది సన్నముగను, రెండవది లావుగను ఉండును. ట–డ, చ–జ, క–గ జంటలును ఇట్టివే. పరుషము సన్నము, సరళము లావు అని గుర్తుంచుకొన్నచో సగము పట్టిక కంఠస్థమైనట్లే.

రేఖను సగమునకు కుదించినచో ‘ట’ గాని ‘డ’ గాని చేరును. చిన్న సున్న చుట్టినచో ‘స’ చేరును. మొదట గాని చివర గాని కొక్కెము తగిలించినచో ర, ల, న మొదలగు ధ్వనులు చేరును. మాటిమాటికి వచ్చు పదములకు ఒక్క చుక్కయో చిన్న గీతయో సరిపోవును. ‘ది’ అను ఆంగ్ల పదము గీటుపై ఒక చుక్క. ‘ఎ’ అను పదము గీటుకు పైన ఒక చుక్క.

అచ్చులను హల్లురేఖ ప్రక్కన చుక్కలుగను చిన్న గీతలుగను పెట్టవలెను. కాని వేగము పెరిగినకొలది అచ్చులు జారిపోవును. చదువుటలోని కష్టమంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

అచ్చులు లేని మాటను చదువుట

వ్రాయని అచ్చును పాఠకునికి సూచించుటకై పిట్మన్ మూడు స్థానములు ఏర్పరచెను: గీటుకు పైన, గీటుపైన, గీటును ఖండించుచు. పదములోని మొదటి అచ్చును బట్టి రేఖాస్వరూపము ఈ మూడింటిలో ఒకచోట నిలుచును. ట–ప అను రెండు రేఖలను చూడుడు. గీటుపై నున్నచో ‘టేప్’, గీటును ఖండించినచో ‘టిప్’ అగును. కాని గీటుకు పైన నున్నచో ‘ట్యాప్’, ‘టాప్’, ‘టైప్’ మూడును కావచ్చును. స్థానము ఇంతవరకే దారి చూపును. తరువాతి నిర్ణయము వాక్యముది. నీళ్ళ ప్రసంగమైనచో ఒకటి, ఉత్తరముల ప్రసంగమైనచో మరియొకటి.

ఈ విధమైన పఠనము మనకు క్రొత్త కాదు. మన కళాశాలలో ఉర్దూ చదువు సోదరులకు ఇది దినచర్య. ఉర్దూ వ్రాతలో జబర్, జేర్, పేష్ గుర్తులను సామాన్యముగా పెట్టరు. అలిఫ్, సీన్ అను రెండక్షరములు కనబడినచో అది ‘ఇస్’ కావచ్చును, ‘ఉస్’ కావచ్చును. ఒకదానికి ‘ఈ’ అనియు, మరియొకదానికి ‘ఆ’ అనియు అర్థము. అయినను ఉర్దూ పాఠకుడు తడబడడు. ముందువెనుకల మాటలు అతనికి చెప్పును. షార్ట్‌హ్యాండును ఉర్దూలో ‘ముఖ్తసర్ నవీసీ’ అందురు. ఆ లిపికి అలవాటుపడిన కన్నులు ఈ విద్యకు సగము సిద్ధమైనవనియే మా అభిప్రాయము.

తెలుగున కరణముల గొలుసుకట్టు వ్రాత ఇట్టిదే. కలము ఎత్తకుండ అక్షరమునకు అక్షరము తగిలించి లెక్కలు, దస్తావేజులు వ్రాసెడివారు. గ్రామములోని పొలముల పేర్లు, ఇంటిపేర్లు, పన్నుల మాటలు ముందుగా తెలిసినవానికి ఆ వ్రాత సులభము, తెలియనివానికి అగోచరము. 1984లో కరణముల పదవులు రద్దయిన తరువాత ఆ వ్రాతను చదువువారును క్రమముగా తగ్గిరి.

ఇంకను వెనుకకు పోయినచో జగ్గయ్యపేట స్తూపమే సాక్ష్యము పలుకును. 1882లో జేమ్స్ బర్జెస్ అచట త్రవ్వకములు జరిపెను. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరమున సిద్ధార్థుడను శిల్పి ఆయకస్తంభములను సమర్పించినట్లు అచటి ప్రాకృత శాసనములు తెలుపుచున్నవి. వానిలో ‘పుత్తస్స’ అని పలుకవలసిన మాట ‘పుతస’ అని చెక్కబడినది. ఒత్తులను వ్రాయకుండుట నాటి లేఖకుల ఆచారము; వానిని పూరించుకొనుట పాఠకుని వంతు. వ్రాత ఎన్నడును మాటను సంపూర్ణముగా పట్టి యీయదు. మిగిలినదానిని ఎరుకతో నింపుటయే చదువు.

పొరపాటు ఫలితము

అయితే ఊహకు హద్దు కలదు. ‘అడాప్టెడ్’ అను ఉచ్చారణకు దగ్గరగా ఆంగ్లమున రెండు పదములు కలవు: ఒకటి దత్తత తీసికొనబడిన అనియు, మరియొకటి అనుకూలముగా మార్చబడిన అనియు అర్థమిచ్చును. రెండింటి హల్లులు ఒకటే. మొదటి అచ్చు ఒకటే గనుక స్థానమును ఒకటే. ఇట్టిచోట రెండవ అచ్చును గుర్తించి తీరవలెను. ఒక వారసత్వపు వ్యాజ్యమున సాక్షి వాఙ్మూలము వ్రాయువాడు ఈ చుక్కను విడిచినచో నష్టము ఎవరిదో వేరుగా చెప్పనక్కరలేదు. అట్లే ‘పర్మనెంట్’, ‘ప్రామినెంట్’ అను పదముల హల్లుల వరుస ఒకటే. ఇట్టి జంటలకు పిట్మన్ గ్రంథములు వేరువేరు రూపములు నిర్ణయించినవి. వానిని ఎక్కముల వలె వల్లెవేయుట తప్ప మార్గాంతరము లేదు.

తాళపుచెవి కోల్పోయిన వ్రాతల గతి ఏమగునో చెప్పుటకు ఇంగ్లండులో ప్రసిద్ధమైన ఉదాహరణము కలదు. శామ్యూల్ పెపిస్ 1660 నుండి 1669 వరకు తన దినచర్యను థామస్ షెల్టన్ అను నాతని సంక్షిప్తలిపిలో వ్రాసెను. ఆ సంపుటములు కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలకు చేరినవి. 1819లో జాన్ స్మిత్ అను విద్యార్థి వానిని చదువబూని, మూడు సంవత్సరములు శ్రమించి విజయము పొందెను. విచిత్రమేమనగా, ఆ లిపిని బోధించు షెల్టన్ గ్రంథము అదే గ్రంథాలయమున, పెపిస్ పుస్తకముల నడుమనే ఉన్నది. ఆ సంగతి స్మిత్ ఎరుగడు. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన సొంత మార్పులతో వ్రాసికొన్న ఒక ఉత్తరము నూట ఏబది సంవత్సరములకు పైగా చదువరానిదై, 2022లో పలువురి సహకారముతో అధికభాగము తెలియవచ్చెను. రేఖలతో పాటు నాటి సందర్భము తెలిసినందువలననే అది సాధ్యమైనది.

జ్ఞప్తికి కొన్ని నియమములు

విద్యార్థులకు ఉపకరించునని తలచి కొన్ని సూచనలు చేయుచున్నాము.

1. వ్రాసినదానిని అదే దినమున చదువవలెను. చెవిలో మాట ఇంకను మ్రోగుచుండగానే సందేహస్థలములు తీరును.

2. కొత్త రూపమును వ్రాయునపుడు పెదవులతో పలుకవలెను. చేయి, చెవి, కన్ను మూడును కలిసినప్పుడే రూపము నిలుచును.

3. మనుష్యుల పేర్లు, ఊళ్ళ పేర్లు, సర్వే నంబర్లు, రూపాయల మొత్తములు పూర్తి అక్షరములలోను అంకెలలోను వ్రాయవలెను. వీనిని సందర్భము పట్టి యీయదు.

4. పాత పుటను చదువునపుడు మొదట హల్లులను, పిదప స్థానమును, చివరకు వాక్యమును చూడవలెను. తెలియని మాటకడ ఆగిపోక, వాక్యమును చివరి వరకు చదివి వెనుకకు రావలెను.

5. ప్రతి పుటపై తేదీయు విషయమును ఉండవలెను. సొంతముగా కల్పించుకొన్న గుర్తులకు పుస్తకము చివర పట్టిక వ్రాసియుంచవలెను.

పరీక్షాధికారులును చదువుటకే అధిక కాలము కేటాయించుట గమనింపదగినది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి గ్రేడు ‘డి’ స్టెనోగ్రాఫరు పరీక్షలో నిమిషమునకు 80 మాటల చొప్పున పది నిమిషములు చెప్పుదురు; ఆ 800 మాటలను ఆంగ్లమున ఎత్తి వ్రాయుటకు 50 నిమిషములు ఇత్తురు. గ్రేడు ‘సి’లో 100 మాటల వేగము, 40 నిమిషముల గడువు. వ్రాయుటకు ఒక పాలు, చదివి ఎత్తి వ్రాయుటకు నాలుగైదు పాళ్ళు!

స్వరమును వ్రాతగా మార్చు యంత్రములు నేడు చేతిలోనే ఉన్నవి. ఇక ఈ శ్రమ ఏల అని కొందరు అడుగవచ్చును. ఉద్యోగమునకై నేర్చువారికి పైన చెప్పిన పరీక్షలే సమాధానము. తక్కినవారికి మా మనవి వేరు. మన పట్టణములలో ఏ పెద్దవారి ఇంటనైన ఇట్టి నోటుపుస్తకములు ఉన్నచో, వారి అనుమతితో వారి ప్రక్కన కూర్చుండి, వారు చదువుచుండగా ఒక్కొక్క రేఖకు ఎదురుగా మాటను వ్రాసికొనుడు. నాలుగు పుటలు అట్లు పూర్తియైనచో తక్కిన పుటలకు తాళపుచెవి దొరకినట్లే. జాన్ స్మిత్‌కు మూడు సంవత్సరములు పట్టిన పని, వ్రాసినవారు మన యెదుట నుండగా మూడు సాయంకాలములలో ఆరంభింపవచ్చును.