హాజరు పుస్తకంలో పేరు రాయండి

హయత్‌నగర్ వైపు అపార్ట్‌మెంట్లు కట్టించే మేస్త్రీలకు, సూపర్‌వైజర్లకు, గోదాములు చూసుకునేవాళ్లకు ఈ మాటలు. మీ దగ్గర సెంట్రింగ్ కొట్టేదీ, టైల్స్ వేసేదీ, లోడు దించేదీ చాలాచోట్ల ఇరవయ్యేళ్లు నిండీ నిండని బీహార్, ఒడిశా, జార్ఖండ్ పిల్లలే. వాళ్లను మనం పిలిచేది "ఓయ్ బిహారీ" అని. ఒడిశా పిల్లాడైనా బిహారీయే.

మన పాలమూరు వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని బొంబాయి పోయినవాళ్లనూ అక్కడ ఇలాగే గుంపుగా "కామాఠీ" అన్నారు. కామాఠిపుర అనే పేటకు ఆ పేరే మిగిలింది, మనుషుల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

అందుకే ముందు హాజరు పుస్తకం సరిచేయండి. పేరు, ఊరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు రాయండి. పిల్లాడు పరంజా మీంచి జారిపడితే ఎవరికి కబురు చెప్పాలో అప్పుడు వెతుక్కోకూడదు. పైగా పేరు లేని హాజరుకు కూలి ఎగ్గొట్టడం సులువు. ఇచ్చిన అడ్వాన్సు, మిగిలిన బాకీ వారం వారం రాసి, ఆ పేజీని వాళ్ల ఫోన్లో ఫొటో తీసుకోనివ్వండి.

అసలు కష్టం వస్తువు పోయినప్పుడు వస్తుంది. రాగి వైరు కట్ట కనబడకపోతే ఎవరి సంచి విప్పుతారు? ఎవరిమీద చెయ్యి లేస్తుంది? నన్నడిగితే ఇంతకంటే పెద్ద అవమానం లేదు. పని మానేసి వెళ్లిపోయినా "దొంగ" అన్న మాట ఆ కుర్రాడి వెంటే పోతుంది. సామాను గదికి తాళం వేసి, తాళం ఎవరి దగ్గరుందో, ఏది ఎవరు తీసుకున్నారో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. అనుమానం వస్తే ఆ పుస్తకం చూడండి, ఊరు చూడకండి. కొట్టే హక్కు ఎవరికీ లేదు. ఆధార్ కార్డు, ఫోను లాక్కుని పెట్టుకోవద్దు. ఆధార్ జిరాక్స్ చాలు.

ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమే చెప్పింది. ఇప్పుడు దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చినా కనీస వేతనం అందరికీ వర్తిస్తుంది. ఏడాదిలో 90 రోజులు కట్టడం పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్లలోపు వాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. పని చేసినట్టు కాగితం అడిగితే సంతకం పెట్టండి. కూలి దగ్గర పేచీ వస్తే ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుంది. ఆ నంబరు హిందీలో రాసి సైట్ గోడకు అతికించండి. మీ లెక్క సరిగా ఉంటే భయమెందుకు?

ఇక గదులు. "వాళ్లకు ఇవ్వం" అనే ఓనర్లు మన కాలనీల్లోనూ ఉన్నారు. గది దొరకని పిల్లలు పనిచోటే పడుకుంటారు. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము తగలబడి, పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. అందుకే గదుల ఓనర్లతో మీరే మాట్లాడండి. మీరు హామీ ఉంటే చాలామంది ఒప్పుకుంటారు. ఈలోగా వాళ్లు పడుకునే చోటికి ఈ రాత్రే వెళ్లండి. రెండో దారి ఉందా, తలుపుకు బయటినుంచి తాళం పడుతోందా చూడండి.