సర్వే నంబరు తేదీగా మారకుండా చూసుకోండి

విత్తనాల సంచి కొనేటప్పుడు చీటీ చదవనిదే డబ్బు ఇవ్వరు కదా! మరి మీ పేరు, బ్యాంకు ఖాతా, భూమి వివరాలు కంప్యూటరులోకి ఎక్కేటప్పుడు చూసుకుంటున్నారా?

చాలా రైతు సంఘాలు సభ్యుల జాబితాను ముందు ఎక్సెల్ పట్టికలో టైపు చేసి, ఆ ఫైలును మొత్తంగా వెబ్‌సైటులోకి ఎక్కిస్తున్నాయి. వందమంది వివరాలు ఒక్కసారే ఎక్కుతాయి. తప్పులుంటే అవీ ఒక్కసారే ఎక్కుతాయి. ఫైలు ఎక్కిందని తెరమీద కనిపించినా, వరసలు చేరాయనే గాని వివరాలు సరైనవని అర్థం కాదు. డబ్బు పడాల్సిన రోజున గాని తప్పు బయటపడదు.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

గడిలో కొట్టినది అంకెనో, తేదీనో ఎక్సెల్ తనే ఊహించి మార్చేస్తుంది.

సర్వే నంబరు: 5/2 అని కొడితే తేదీ అనుకుంటుంది. 145/2 మాత్రం మారదు. అందుకే జాబితాలో కొందరివే చెడతాయి, కంటికి ఆనవు.

ఖాతా నంబరు: మొదట సున్నా ఉంటే ఎగిరిపోతుంది. 16 అంకెలుంటే చివరి అంకె సున్నా అయిపోతుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది.

ఆధార్: 12 అంకెల నంబరు మధ్యలో 'ఇ' అక్షరంతో కుదించుకుపోయి కనిపిస్తుంది. దాన్ని అలాగే సి.ఎస్.వి. ఫైలుగా దాస్తే అసలు అంకెలు పోయినట్లే.

విస్తీర్ణం: రెండెకరాల ఐదు సెంట్లు అంటే 2.05. 2.5 అని రాస్తే యాభై సెంట్లవుతుంది. తెలంగాణలో 40 గుంటలు ఒక ఎకరం. వెబ్‌సైటు దశాంశాల్లో అడిగితే 2 ఎకరాల 20 గుంటలను 2.50 అని రాయాలి. 2.20 అని రాస్తే 12 గుంటలు పోయినట్లే.

ఇది మన ఊళ్ళో సమస్యే కాదు. మనిషి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం, ఎక్సెల్ వాటిని తేదీలుగా మారుస్తున్నందున, 2020లో కొన్ని జన్యువుల పేర్లనే మార్చింది.

ఎక్కించే ముందు జాగ్రత్తలు

1. వెబ్‌సైటు నమూనా ఫైలు ఇస్తే అందులోనే నింపాలి. పై వరసలోని శీర్షికలు మార్చరాదు. గడులు కలపరాదు.

2. టైపు చేయక ముందే సర్వే, ఖాతా, ఆధార్, ఫోను నంబర్ల నిలువు వరసలను 'టెక్స్ట్'గా పెట్టాలి. తేదీగా మారిపోయాక టెక్స్ట్ చేస్తే 45 వేలు దాటిన వేరే అంకె ఏదో వస్తుంది. మళ్ళీ కొట్టాల్సిందే.

3. తెలుగు పేర్లుంటే 'సి.ఎస్.వి. యు.టి.ఎఫ్-8' రకంగా దాయాలి. లేకుంటే అక్షరాల బదులు ప్రశ్న గుర్తులు వస్తాయి. దాచిన ఆ ఫైలును ఎక్సెల్‌లో మళ్ళీ తెరిచి దాచరాదు, సున్నాలు మళ్ళీ పోతాయి.

4. ముందు ఐదుగురి వివరాలే ఎక్కించి చూడాలి. సరిపోతే మిగతావారివి పంపాలి. ఆ ఐదుగురినీ రెండోసారి పంపితే పేర్లు రెండేసి సార్లు పడే ప్రమాదం ఉంది.

మీరు చేయవలసింది

టైపు చేయడం రాకపోయినా సరిచూడడం మీ చేతిలో పనే. వెబ్‌సైటులోకి ఎక్కిన తర్వాత మీ వరసను కాగితం మీద తీసి ఇమ్మని అడగండి. పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం పక్కన పెట్టుకుని అంకె అంకె వేలితో పోల్చండి. ఐ.ఎఫ్.ఎస్.సి. కోడులో 11 గుర్తులుండాలి. అందులో ఐదోది సున్నా, 'ఓ' అక్షరం కాదు.

అన్నీ సరిపోయాకే సంతకం పెట్టండి. ఆ కాగితం నకలు ఒకటి పాసుపుస్తకంలో పెట్టుకోండి. రేపు డబ్బు పడకపోతే అడగడానికి అదే ఆధారం.