అంబాసిడర్ డిక్కీకి గ్యాస్ స్ట్రట్లు?

ప్రశ్న: నాన్నగారు సింగరేణి బొగ్గు గనుల్లో పనిచేసేటప్పుడు కొన్న అంబాసిడర్ మాది. డిక్కీ స్ప్రింగులు సాగిపోయి మూత నిలవడం లేదు. గ్యాస్ స్ట్రట్లు పెట్టించవచ్చా?
– ఓ పాఠకుడు, గోదావరిఖని

జవాబు: పెట్టించవచ్చు. కానీ బలం లెక్కేసుకున్నాకే కొనండి. మూత బరువు 12 కిలోలు, ఆ బరువు కేంద్రం కీలుకు 50 సెంటీమీటర్ల దూరం, స్ట్రట్ నెట్టే గీత కీలుకు 12 సెంటీమీటర్ల దూరం అనుకుందాం. 12×50÷12 = 50 కిలోలు. రెండు స్ట్రట్లకూ పంచితే ఒక్కోదానికి 25, అంటే సుమారు 250 న్యూటన్లు. చలికి గ్యాస్ పీడనం తగ్గుతుంది కాబట్టి 300 న్యూటన్లవి తీసుకోండి. మరీ ఎక్కువైతే పాత రేకు వంగుతుంది.

మూత మూసినప్పుడు స్ట్రట్ రాడ్డు కిందివైపు ఉండాలి. అప్పుడే లోపలి నూనె సీలును తడుపుతుంది. బొగ్గు దుమ్ము సీలును తినేస్తుంది, రాడ్డును పొడిగుడ్డతో తుడుస్తుండండి. స్ప్రింగులు విప్పేముందు మూతకు ఊతం పెట్టండి. పాడైన స్ట్రట్‌ను కోయకండి, కాల్చకండి. లోపల అధిక పీడనంలో నైట్రోజన్ ఉంటుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి పాత స్ప్రింగులు పారేయకండి.