పండగ సెలవుల్లో నీ డ్యూటీ

కిషన్‌బాగ్,
2025 డిసెంబర్ 21

చిరంజీవి తమ్ముడికి,

ఈ నెల 31తో నీ సర్వీసు అయిపోతోంది. అమెరికా నుంచి పెద్దాడు పిల్లల్ని తీసుకుని వస్తున్నాడనీ, సంక్రాంతి వెళ్లేదాకా ఏ పనీ నెత్తిన పెట్టుకోననీ మొన్న ఫోన్లో అన్నావు. మనవలతో గడపమనే నేనూ చెబుతాను. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసులో ఒకటే గుబులు. నాతో పాటు రిటైరైన వాళ్లలో చాలామంది ఇలాగే అనుకున్నారు. పిల్లలు తిరిగి విమానం ఎక్కాక ఇల్లు బోసిపోయింది. అప్పుడు ఏదైనా పని వెతుక్కుందామంటే కాళ్లు గడప దాటలేదు. అందుకే పండగ సందడి ఉండగానే ఒక పని పట్టుకో. ఏ పనో కూడా నేనే చెబుతాను.

సంక్రాంతికి హైదరాబాద్ ఎలా ఖాళీ అవుతుందో నీకు తెలుసు. విజయవాడ రోడ్డు మీద టోల్‌గేట్ల దగ్గర బారులు తీరిన కార్లని టీవీలో ఏటా చూస్తూనే ఉంటాం. ఆ కార్లలో వెళ్లేవాళ్లలో రక్తదాతలు కూడా ఉంటారని మాత్రం మనకు తట్టదు. కాలేజీలు మూస్తారు, ఆఫీసులు పలచబడతాయి, క్యాంపులు ఆగిపోతాయి. ముందే తీసి దాచుకోవచ్చు కదా అంటావేమో. ఎర్ర రక్తకణాలు ఫ్రిజ్‌లో ఉంచినా మహా అయితే 42 రోజులు. ప్లేట్‌లెట్లకైతే ఐదు రోజులే గడువు.

మన ఇంటికి దగ్గర్లో, శివరాంపల్లిలో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. 1998లో మొదలైంది. తలసేమియా మేజర్ ఉన్న పిల్లల ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాదు. రెండు మూడు వారాలకోసారి, మరీ అయితే నాలుగు వారాలకి ఎక్కించాల్సిందే. గడువు దాటితే పిల్లవాడు మెట్లెక్కలేడు, ముఖం పాలిపోతుంది, బడి మానేస్తాడు. వాడికి భోగి లేదు, కనుమ లేదు. ఆ తారీఖుకి రక్తం దొరకాలి. తండ్రులు కూలికెళ్లి బతికే కుటుంబాలు ఎన్నో అక్కడికి వస్తాయి. ఒక రోజు ఆగి మళ్లీ రమ్మంటే ఆ రోజు కూలి పోయినట్టే.

నాకు 65 నిండాయి, ఇక రక్తం తీసుకోరు, అది రూలు. మొదటిసారి ఇచ్చేవాళ్లయితే 60 దాటకూడదు. నువ్వు సర్వీసులో ఉండగా ఇచ్చావు కాబట్టి ఇంకా నాలుగేళ్లు ఇవ్వొచ్చు, డాక్టరు సరే అంటే. అయినా నేను నిన్ను అడుగుతున్న పని అంతకంటే పెద్దది. దాతలకి ఫోన్లు చెయ్యాలి.

మేం బస్తీ పెద్దమనుషులం కొందరం ఒక నోట్‌బుక్కు పెట్టుకున్నాం. ఎవరు ఎప్పుడు ఇచ్చారు, ఏ గ్రూపు, మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చు. మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజుల ఎడం ఉండాలి. బరువు 45 కిలోలకి తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. సంక్రాంతికి మన హిందువులంతా ఊళ్లకి పోతారు, అప్పుడు మా ఫోన్లన్నీ మన గల్లీలోని ముస్లిం కుర్రాళ్లకి. ఫిబ్రవరి మూడో వారంలో రంజాన్ నెల మొదలవుతుంది. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్ల దగ్గర రక్తం తీసుకోరు, రోజా ఉన్నవాళ్లు ఇఫ్తార్ తర్వాతే ఇవ్వగలరు. ఆ నెలంతా పిలుపు మనవాళ్లకి, సిక్ ఛావ్నీలోని సిక్కులకి వెళ్తుంది. ఇప్పుడు ఈ నెలాఖరులో గురు గోవింద్ సింగ్ జయంతి, దానికి ముందు క్రిస్మస్. ఒకరి పండగకి ఇంకొకరు నిలబడితే క్యాలెండర్‌లో ఏ వారమూ ఖాళీ పోదు. ఇన్ని మతాలవాళ్లం ఒక్కచోట ఉండటం మన బస్తీకి ఇంతగా కలిసొచ్చిన సందర్భం ఇంకొకటి నాకు కనపడలేదు.

2014 మే 14 నీకు గుర్తుండే ఉంటుంది. సిక్ ఛావ్నీ గొడవలో పోలీసు కాల్పులు, ముగ్గురి ప్రాణాలు పోవడం, ఆ తర్వాత కర్ఫ్యూ. లాహోర్ నుంచి 1830లలో నిజాం కొలువుకి వచ్చిన సిక్కు సిపాయిల వారసులు, తరతరాలుగా పక్కపక్కన బతికిన ముస్లింలు, మనం, అందరం తలుపులు వేసుకుని కూర్చున్నాం. ఆ రోజుల గురించి ఇప్పటికీ ఎవరూ పెద్దగా మాట్లాడరు. మాట్లాడించాలని నేనూ చూడను. ఒక సర్దార్జీ కుర్రవాడికి ఫోన్ చేసి, ఫలానా గ్రూపు కావాలి నాయనా అంటే, ఎవరికి అని అడక్కుండా బండి తీస్తాడు చూడు, నాకు అది చాలు.

ఈ పనికి కొన్ని పద్ధతులున్నాయి. ఎవరినీ మొహమాటపెట్టకు. రాలేనంటే కారణం అడక్కు, వచ్చే తారీఖు రాసుకో. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యకు. సొసైటీకి వచ్చే పిల్లల ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టకు. పండగ కదా అని అరిసెల డబ్బా తీసుకెళ్లి పంచకు. మాటిమాటికీ రక్తం ఎక్కించడం వల్ల వాళ్ల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది, దాన్ని తీసేయడానికి మందులు వాడతారు, తిండిలోనూ జాగ్రత్తలు ఉంటాయి. ఏం పెట్టాలన్నా ముందు అక్కడివాళ్లని అడుగు. అన్నిటికంటే ముఖ్యం, వారానికి ఒక్క పూటే ఒప్పుకో. కొత్త ఉత్సాహంలో రోజూ వస్తానని నెలకే చాలించిన వాళ్లని చూశాను. ఒక్క పూటే వచ్చి ఏళ్ల తరబడి మానని వాళ్లనీ చూశాను.

ఇంకో మాట, ఇది ఇంటి సంగతి. చిన్నవాడికి సంబంధాలు చూస్తున్నారట. జాతకం చూపించుకోండి, కాదనను. దాంతోపాటు అబ్బాయికి హెచ్‌బీఏ2 పరీక్ష చేయించు. తలసేమియా లక్షణాన్ని పట్టుకునే మామూలు రక్తపరీక్షే. తలసేమియా లక్షణం మోసేవాళ్లు చూడ్డానికి పూర్తి ఆరోగ్యంగా ఉంటారు. భార్యాభర్తలిద్దరూ అలాంటివాళ్లే అయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికం అనుకుంటే మరీ తప్పనిసరి. మరదలు మొహమాటపడితే నా పేరు చెప్పు. ఆ పిల్లల తల్లులు కుర్చీల్లో కూర్చుని సూది చూడలేక తల తిప్పుకోవడం చూసినవాణ్ణి, ఈ విషయంలో నేను తగ్గను.

మనవలు వచ్చాక జూకి తీసుకెళ్లు, సోమవారం సెలవని మర్చిపోకు. పతంగులు ధూల్‌పేటలో కొనిపెట్టు. చైనా మాంజా మాత్రం ఇంట్లోకి రానివ్వకు. నిషేధం ఉన్నా ఎక్కడో ఒకచోట అమ్ముతూనే ఉన్నారు, పిట్టల రెక్కలు తెగుతున్నాయి, బండి మీద వెళ్లేవాళ్ల మెడలు తెగుతున్నాయి. పండగ అయ్యాక పిల్లల్ని వెంటబెట్టుకుని చెట్లకి చిక్కిన దారాలు ఏరించు, వాళ్లకీ అది ఆటలా ఉంటుంది. పెద్దాడు ఉండగానే ఒక పూట శివరాంపల్లికి కూడా తీసుకురా. జూపార్కు నుంచి ఆరాంఘర్ దాకా ఫ్లైఓవర్ తెరిచాక రాకపోకలకి పెద్ద ఇబ్బంది లేదు. నాన్న రిటైరై ఏం చేస్తున్నాడోనని అక్కడ బెంగ పెట్టుకునే బదులు, వాడు కళ్లారా చూసి వెళ్తాడు.

జనవరి 2 శుక్రవారం పొద్దున పదింటికి బహదూర్‌పురా చౌరస్తాలో ఉంటాను. డాక్టరు సరే అంటే ఆ రోజే నువ్వూ రక్తం ఇద్దువుగాని, టిఫిన్ బాగా తిని రా. రోజూ వేసుకునే మాత్రల చీటీ జేబులో పెట్టుకో, అడుగుతారు.

ఇట్లు,
నీ అన్నయ్య