కోళ్లూ బాతులూ ఒకే దొడ్లో: పొదుగు వేళ 11 చిట్కాలు

నిన్నటిదాకా దొడ్డంతా కలియదిరిగిన పెట్ట ఇవాళ గూట్లోంచి కదలదు. చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని పొడవడానికి వస్తుంది. అంటే పొదుగుకు వచ్చిందన్నమాట. ఇది రోగం కాదు, మొండితనమూ కాదు. దాని చేత పిల్లల్ని చేయించాలా, మళ్లీ గుడ్లకు మళ్లించాలా అన్నది ఒకటి రెండు రోజుల్లో మనమే తేల్చుకోవాలి. తేల్చకుండా వదిలేస్తే అటు గుడ్లూ ఉండవు, ఇటు పిల్లలూ ఉండవు. పెట్ట మాత్రం చిక్కి సగమవుతుంది.

1. పిల్లలు వద్దనుకుంటే మొదటి రోజునుంచే మాన్పించండి. అడుగున వెదురు బద్దలో ఇనుప జల్లెడో ఉన్న బోనులో పెట్టి, కింద గాలి ఆడేలా నేలకు ఎత్తున ఉంచండి. గడ్డి వెయ్యొద్దు. మేత, నీళ్లు, నీడ మాత్రం తప్పనిసరి. పొట్టకు చల్లగాలి తగిలితే చాలావరకు మూడు నాలుగు రోజుల్లో పొదుగు వదిలేస్తుంది. నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం ఎవరు చెప్పినా చెయ్యకండి. అది హింస.

2. పిల్లలు కావాలంటే నాటు పెట్టనే నమ్ముకోండి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు సాధారణంగా పొదుగుకు రావు. ఖాకీ కాంప్‌బెల్, ఇండియన్ రన్నర్ బాతులూ అంతే. వాటి గుడ్లను కూడా నాటు పెట్ట కిందే వెయ్యాలి. ఇంతకుముందు ఒకసారైనా పిల్లల్ని చేసిన పెట్టయితే మరీ మంచిది.

3. గుడ్లు వారంలోపు పెట్టినవై ఉండాలి. పగుళ్లున్నవి, మరీ చిన్నవి, వంకరవి తీసేయండి. కడగొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఎండాకాలమైతే తడి ఇసుకలో సగం దాకా పాతిన కుండలో, సన్నటి కొన కిందికి ఉండేలా పేర్చి, మూతికి గుడ్డ కట్టండి. నాటు పెట్ట కింద కోడిగుడ్లయితే పది పన్నెండు, బాతుగుడ్లయితే ఆరేడు చాలు. కూర్చున్నాక దాని అంచుల్లో ఒక్క గుడ్డూ బయటికి కనిపించకూడదు.

4. రోజుల లెక్క గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. కోడిగుడ్డుకు 21 రోజులు, బాతుగుడ్డుకు 28, మస్కోవీ బాతు గుడ్డుకు దాదాపు 35. రెండు రకాలూ ఒకేరోజు ఒకే గూట్లో వేస్తే 21వ రోజున కోడిపిల్లలు బయటికి వస్తాయి. పెట్ట వాటి వెంట లేచిపోతుంది, బాతుగుడ్లు చల్లారిపోతాయి. అందుకే ఒక గూటికి ఒకే రకం గుడ్లు వెయ్యండి.

5. పొదిగే పెట్టకు విడిగా చోటివ్వండి. వెడల్పాటి బుట్టలో కాస్త ఇసుక, దాని మీద ఎండుగడ్డి, పేలు పట్టకుండా నాలుగు వేప రెమ్మలు వెయ్యండి. పెట్టను చీకటి పడ్డాకే మార్చండి. ముందు ఒకటి రెండు రోజులు ఉత్తి గుడ్ల మీద కూర్చోబెట్టి, కుదురుకున్నాక అసలు గుడ్లు పెట్టండి.

6. గుడ్లన్నిటికీ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. సందు దొరికితే వేరే పెట్టలు వచ్చి అక్కడే గుడ్డు పెట్టి పోతాయి. గుర్తు లేని గుడ్డును ఏరోజుకారోజు తీసేయండి. బాతులు ఎక్కువగా తెల్లవారుజామునే పెడతాయి కాబట్టి ఎనిమిది తొమ్మిది గంటల దాకా వాటిని గూట్లోంచి వదలకండి.

7. రోజుకొకసారి పెట్టను లేపండి. రెక్కల్లో గుడ్డు ఇరుక్కుందేమో ముందు తడిమి చూడండి. వడ్లో మొక్కజొన్నలో తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి, బూడిద కలిపిన ఇసుకలో పొర్లి రావడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. 28 రోజులు కూర్చునే పెట్టకు ఈ మేతే ప్రాణం.

8. బాతుగుడ్లకు తడి కావాలి. తల్లి బాతైతే తడి ఈకలతో వచ్చి కూర్చుంటుంది, కోడి అలా చెయ్యదు. రెండో వారం నుంచి, పెట్ట లేచినప్పుడు గుడ్ల మీద గోరువెచ్చని నీళ్లు చిలకరించండి. పెద్ద గుడ్లను కోడి సరిగా తిప్పలేకపోవచ్చు, మీరే మెల్లగా తిప్పండి. చివరి మూడు రోజులూ తిప్పడం మానేయండి.

9. వారం దాటాక రాత్రిపూట టార్చి వెలుగులో చూడండి. ఎర్రటి దారాల్లా నరాలు కనిపిస్తే పిల్ల కడుతున్నట్టే. లోపల ఖాళీగా కనిపించిన గుడ్లను తీసేయండి. లేకపోతే అవి మురిగి, పగిలి, మిగతావాటిని పాడుచేస్తాయి.

10. పెంకు పగుళ్లిస్తే తొందరపడి ఒలవకండి. కోడిపిల్ల బయటపడటానికి ఒక రోజు దాకా పట్టొచ్చు, బాతుపిల్లకు ఇంకా ఎక్కువ. ముందే ఒలిస్తే రక్తం కారి చనిపోతుంది. బయటికొచ్చాక నూకలు, కోడిపిల్లల దాణా పెట్టండి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క బాతుపిల్లలకు విషమే. వాటికి నియాసిన్ కూడా ఎక్కువ కావాలి. అది చాలకపోతే కాళ్లు వంకరపోతాయి. పశువైద్యుణ్ని అడిగి విటమిన్ల మందు నీళ్లలో కలపండి. కోడిపిల్లలకు మొదటి వారంలో కొక్కెర తెగులు టీకా మరవకండి.

11. కోడి కింద పుట్టిన బాతుపిల్లల్ని వెంటనే నీళ్లలో వదలకండి. వాటి నూగు త్వరగా తడిసిపోతుంది. మా ఇంట్లో మొదటిసారి, ఈదుతున్నాయి కదా అని సంతోషపడి సాయంత్రం దాకా తొట్టిలో వదిలేశాం. రెండు పిల్లలు చలికి కొయ్యబారిపోయి చనిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ముక్కు మునిగేంత తాగునీళ్లు చాలు. నాలుగు వారాలు దాటి ఈకలు వస్తున్నప్పుడు తల్లికోడి నుంచి వేరుచేసి, ఆ తర్వాతే నీళ్లకు అలవాటు చెయ్యండి. లేకపోతే అవి కాలవలోకి దిగిన రోజున పెట్ట మునిగిపోతున్నాయనుకుని గట్టు మీద అరుస్తూ అటూ ఇటూ పరిగెడుతుంది. తనది కాని గుడ్డు కోసం నెల రోజులు ఒళ్లు కరిగించుకున్న తల్లికి ఆ బెదురు తప్పించడం మన బాధ్యత.