ఆ ఏడు పదో తరగతి: ప్రపంచ సంఘటనలు ఒక తరం చదువును ఎలా మలిచాయి

ప్రతి తరానికీ దానిదైన ప్రపంచ చరిత్ర ఒకటి ఉంటుంది. అది పాఠ్యపుస్తకంలో చదివిన చరిత్రకంటే తాను హైస్కూలులో ఉండగా కళ్ల ముందు జరిగిన చరిత్రే ఎక్కువ. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వయసులో పిల్లలు మొదటిసారి వార్తాపత్రికను సొంతంగా చదువుతారు. పెద్దల మాటల్లో యుద్ధం, డాలరు, వీసా వంటి పదాలకు అర్థం తెలుసుకుంటారు. ఇంటి ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో, అది ఆగితే ఏమవుతుందో కూడా తెలిసివచ్చేది ఆ వయసులోనే.

ఈ సంచిక చదివే దాతల్లో చాలామంది ఇప్పుడు యాభై ఏళ్ల ప్రాంతంలో ఉన్నవారు. అంటే 1975 ప్రాంతంలో పుట్టి, 1990-91లో పదో తరగతి రాసినవారు. ఆ ఒక్క విద్యా సంవత్సరాన్ని తీసుకుని, లోకంలో జరిగిన సంఘటనలు ఒక విద్యార్థి పలకా బలపం దాకా ఎలా వస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. దానినుంచి దానధర్మాల నిర్వహణకు పనికివచ్చే పాఠం ఒకటి ఉంది.

1973: ఇల్లు లేచిన కారణం

1990 సంగతి అర్థం కావాలంటే పదిహేడేళ్లు వెనక్కి వెళ్లాలి. 1973 అక్టోబరులో అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం జరిగింది. అరబ్ దేశాలు చమురు ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టాయి. పీపా మూడు డాలర్ల ప్రాంతంలో ఉన్న ముడి చమురు 1974 జనవరి నాటికి పన్నెండు డాలర్ల దగ్గరకు చేరింది. కొన్ని నెలల్లోనే ధర నాలుగు రెట్లయింది.

గల్ఫ్ దేశాల చేతికి ఒక్కసారిగా డబ్బు వచ్చింది. రోడ్లు, ఓడరేవులు, ఆసుపత్రులు, భవనాలు కట్టాలనుకున్నారు. కట్టడానికి చాలినంత మంది మనుషులు లేరు. తాపీ మేస్త్రీలు, డ్రైవర్లు, దర్జీలు, వంటవాళ్లు, ఎలక్ట్రీషియన్లు కావలసివచ్చారు. హైదరాబాదు, కరీంనగర్, నిజామాబాదు, కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు బయలుదేరారు. కడప జిల్లా రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ దారి పట్టినవారు ఎక్కువ. మగవాళ్లే కాదు, ఇళ్లలో పని కోసం ఆడవాళ్లూ వెళ్లారు.

పెంకుటిల్లు పోయి మిద్దె వచ్చింది. అక్కచెల్లెళ్ల నికాహ్‌లు జరిగాయి. ఫీజు కట్టే బడిలో పిల్లల్ని చేర్పించగలిగారు. మసీదు మరమ్మతులకు చందా పుస్తకంలో పేర్లు ఎక్కాయి. ఎక్కడో జరిగిన యుద్ధం, చమురు ధర కలిసి మన వీధుల్లో ఒక కొత్త మధ్యతరగతిని తయారు చేశాయి. ఆ ఇళ్లలో పుట్టి పెరిగిన పిల్లలే 1990 జూన్‌లో పదో తరగతిలో అడుగుపెట్టారు.

1990 జూన్ నుంచి 1991 మే వరకు

ఆ తరగతి పిల్లలకు తొమ్మిదో తరగతిలోనే లోకం వేగంగా మారడం మొదలైంది. 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకుంది. 1990 ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా 27 ఏళ్ల నిర్బంధం తర్వాత బయటికి వచ్చారు. మే 22న రెండు యెమెన్‌లు ఒకటయ్యాయి. అక్టోబరు 3న రెండు జర్మనీలు కలిసిపోయాయి. సోషల్ మాస్టారు గోడకు తగిలించిన ప్రపంచ పటం ఆ ఏడాదే పాతబడిపోయింది. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఉండగా, 1991 డిసెంబరులో, సోవియట్ యూనియన్ కూడా పటంలోనుంచి తొలగిపోయింది.

ఇవన్నీ దూరపు వార్తలు. ఆసక్తిగా విని, జనరల్ నాలెడ్జి పుస్తకంలో రాసుకున్న వార్తలు. దగ్గరి వార్త 1990 ఆగస్టు 2న వచ్చింది. ఆ తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి ప్రవేశించింది. ఆ రోజు కువైట్‌లో సుమారు 1,70,000 మంది భారతీయులు ఉన్నారు.

ఫోన్లు పనిచేయలేదు. ఉత్తరాలు ఆగిపోయాయి. ఇళ్లలో రేడియో చుట్టూ చేరి ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు, రాత్రి బి.బి.సి. ఉర్దూ ప్రసారాలు వినడం, మర్నాడు పత్రికలో మళ్లీ వెతకడం. అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి మాట్లాడిన తర్వాత మనవాళ్ల తరలింపు మొదలైంది. కువైట్ నుంచి బస్రా, బాగ్దాద్‌ల మీదుగా జోర్డాన్ సరిహద్దుకు రోడ్డు ప్రయాణం. ఎడారిలో గుడారాల్లో ఎదురుచూపు. తర్వాత అమ్మాన్ నుంచి బొంబాయికి విమానం. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 వరకు 59 రోజుల్లో ఎయిర్ ఇండియా 488 విమానాలు నడిపి 1,11,000 మందికి పైగా తీసుకువచ్చింది. పౌర విమానాల్లో జరిగిన అతి పెద్ద తరలింపుగా అది రికార్డులకెక్కింది.

మనుషులు క్షేమంగా వచ్చారు. చేతిలో మాత్రం ఒక సంచి మిగిలింది. ఇరాక్ కువైట్ దినార్‌ను రద్దు చేసి తన దినార్‌ను చలామణిలో పెట్టింది. అక్కడి బ్యాంకుల్లో దాచుకున్నది చేతికి రాలేదు. యజమాని బాకీ ఉన్న జీతం రాలేదు. వీసా కోసం చేసిన అప్పు మాత్రం ఊళ్లో అలాగే ఉంది.

అదే ఏడు డిసెంబరులో హైదరాబాదు పాతబస్తీలో అల్లర్లు, కర్ఫ్యూ. 1991 జనవరి 17న గల్ఫ్ యుద్ధం మొదలైంది. ఫిబ్రవరి 28న కాల్పులు ఆగాయి. మే 21న రాజీవ్ గాంధీ హత్య. ఒక పదో తరగతి విద్యార్థికి జూన్‌లో బడి తెరిచిన రోజునుంచి వేసవి సెలవుల మధ్య జరిగినవి ఇవి.

దేశం బంగారం, ఇంటి బంగారం

యుద్ధభయంతో చమురు ధర 1990 అక్టోబరులో పీపా 40 డాలర్ల దాకా వెళ్లింది. భారతదేశం చమురుకు చెల్లించవలసింది పెరిగింది. గల్ఫ్ నుంచి పంపే డబ్బు తగ్గింది. 1991 జూన్ నాటికి మన విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితికి వచ్చాయి. ఆ నెల 21న కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యారు. జూలై 1న, మళ్లీ 3న రూపాయి విలువ తగ్గించారు. దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టారు. జూలై 24న మన్మోహన్ సింగ్ ప్రవేశపెట్టిన బడ్జెట్‌తో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి.

దేశం బంగారం తాకట్టు పెట్టడం పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. అంతకుముందే మన ఇళ్లలో అమ్మీ గాజులు సేఠ్ దుకాణానికి చేరిపోయాయి. అది ఏ పత్రికలోనూ రాలేదు. రెండింటి కారణం ఒక్కటే. ఆదాయం ఒక్క దారినుంచే వస్తూ, ఆ దారి ఒక్క రాత్రిలో మూతపడటం.

పరిహారం వచ్చేసరికి

ఐక్యరాజ్య సమితి 1991లోనే నష్టపరిహార సంఘాన్ని నియమించింది. కువైట్ వదిలి రావలసివచ్చిన ఒక్కొక్కరికి 2,500 లేదా 4,000 డాలర్ల చొప్పున, కుటుంబమైతే దాని రెట్టింపు, ఇవ్వాలని నిర్ణయించారు. మన జిల్లాలవాళ్లూ దరఖాస్తులు పెట్టుకున్నారు. అయితే చాలామందికి ఆ మొత్తం పూర్తిగా అందేసరికి 1990ల చివరికి వచ్చింది. ఆ సంఘం చెల్లింపులన్నీ ముగిసింది 2022 జనవరిలో. మొత్తం 5,240 కోట్ల డాలర్లు చెల్లించారు.

ఆ డబ్బు అవసరమే, న్యాయమే. అయితే 1990లో పదో తరగతి చదువుతున్న పిల్లవాడి కోణం నుంచి లెక్క వేసి చూడండి. పబ్లిక్ పరీక్ష ఫీజు కట్టేది సాధారణంగా నవంబరు, డిసెంబరు నెలల్లో. అప్పటికి అబ్బా కువైట్ నుంచి వచ్చి రెండు మూడు నెలలు. బడిలో నెల ఫీజు బాకీ పడింది. బాకీ తీరితే గాని హాల్ టికెట్ ఇవ్వమని ఆఫీసులో అన్నారు. కావలసింది కొన్ని వందల రూపాయలు. అవి దొరకక మెకానిక్ షెడ్డుకో వెల్డింగ్ దుకాణానికో వెళ్లిన పిల్లవాడికి, ఏడెనిమిదేళ్ల తర్వాత డాలర్లు వచ్చినా, పోయిన పదో తరగతి తిరిగి రాదు. ఆడపిల్లయితే ఆలోపు నికాహ్ కూడా అయిపోయి ఉంటుంది.

1991లో రంజాన్ నెల మార్చి మూడో వారంలో మొదలైంది. మన దాతృత్వంలో పెద్ద భాగం ఆ నెలలోనే కదులుతుంది. డిసెంబరులో ఆగిపోయిన చదువుకు అది మూడు నెలలు ఆలస్యం.

ఇంకొక చిక్కు ఉంది. ఈ కుటుంబాలు ఎవరి జాబితాలోనూ లేవు. నిన్నటిదాకా చందా ఇచ్చినవాళ్లు వాళ్లు. పంచే రేషన్ సంచి కోసం వరసలో నిలబడలేరు. అడగడానికి నోరు రాదు. ఇవ్వాలనుకున్నవాళ్లకు కూడా, మిద్దె ఇల్లు చూసి, వీళ్లకేం కొదవ అనిపించింది. జకాత్ హక్కుదారులుగా ఖుర్ఆన్ పేర్కొన్న ఎనిమిది వర్గాల్లో నిరుపేదలతోపాటు అప్పుల్లో కూరుకున్నవాడు, బాటసారి కూడా ఉన్నారు. సొంత ఊళ్లో ఆస్తి ఉన్నా దారిలో చేతిలో పైసా లేనివాడు బాటసారి. చేతికి రాని ఆస్తి ఆకలి తీర్చదన్న ఎరుక ఆ మాటలో ఉంది. కువైట్ నుంచి వచ్చిన కుటుంబాలకు అది బాగా అనుభవమైంది.

తర్వాతి తరాలకూ అదే లెక్క

ఇది ఒక్క బ్యాచ్‌తో ముగిసిపోలేదు. సౌదీ అరేబియా 2017 జూలై 1 నుంచి విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల మీద రుసుము విధించింది. మొదట మనిషికి నెలకు 100 రియాళ్లు. ఏటా వంద చొప్పున పెరిగి 2020 నాటికి 400 రియాళ్లయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవారికి నెలకు 1,600 రియాళ్లు అదనపు భారం. ఎన్నో హైదరాబాదు కుటుంబాలు తండ్రిని అక్కడే వదిలి తిరిగి వచ్చాయి. రియాద్‌లోనో జెద్దాలోనో ఎనిమిదో తరగతి చదివిన పిల్లలు ఇక్కడ కొత్త సిలబస్‌లో, తెలుగు ఒక సబ్జెక్టుగా, తొమ్మిదో తరగతిలో కూర్చున్నారు.

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. పాఠం సెల్‌ఫోనులోకి వెళ్లింది. ఇంట్లో ఒకే ఫోను ఉంటే, అది నాన్న పనికి వెళ్లేటప్పుడు ఆయన జేబులో ఉంటే, పాఠం ఆ జేబులోనే ఉండిపోయింది. 2020, 2021లో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. సర్టిఫికెట్ చేతికి వచ్చింది గాని, లెక్కలు రాని కారణంగా ఇంటర్‌లో ఆగిపోయిన పిల్లలు మనందరి వీధుల్లోనూ కనిపిస్తారు.

మూడు సంఘటనల స్వభావాలు వేరు. ఒకటి యుద్ధం, ఒకటి ప్రభుత్వ ఉత్తర్వు, ఒకటి జబ్బు. దెబ్బ తగిలిన చోటు మాత్రం ఒక్కటే: తొమ్మిది, పది తరగతులు. దానికి కారణం కూడా ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే, అంటే ఎనిమిదో తరగతి దాకానే, హామీ ఇస్తుంది. చట్టం చెయ్యి వదిలే చోటే పిల్లవాడు సంపాదించగల వయసుకు వస్తాడు.

దాతలు ఆలోచించవలసినవి

ఈ పరిశీలన నుంచి నాలుగు సంగతులు తేలుతున్నాయి.

మొదటిది, కాలం. సాయం మన వీలును బట్టి కాకుండా బడి క్యాలెండరును బట్టి అందాలి. జూన్‌లో ప్రవేశం, చలికాలంలో పరీక్ష ఫీజు, మేలో టి.సి. ఈ మూడు గడువులకు ముందే డబ్బు సిద్ధంగా ఉండాలి. రంజాన్‌లో వచ్చిన మొత్తంలో కొంత భాగాన్ని, నిబంధనలు తెలిసిన ఆలిములను అడిగి, ఏడాది పొడవునా ఇచ్చేలా కేటాయించుకోవచ్చు. జకాత్ కాని సదఖా సొమ్మయితే ఈ పనికి మరింత వెసులుబాటుగా ఉంటుంది.

రెండవది, జాబితా. గత ఏడాది జాబితాలో కొత్త బాధితుడు ఉండడు. గల్ఫ్‌లో కంపెనీ మూతపడిందనో, ఏదో దేశంలో యుద్ధం మొదలైందనో వార్త వచ్చిన రోజే, ఆ దేశంలో మన మొహల్లా వాళ్లు ఎవరున్నారో, వాళ్ల పిల్లలు ఏ తరగతిలో ఉన్నారో కనుక్కోవాలి. ఆ కుటుంబాలు వచ్చి అడగవు. మనమే వెళ్లాలి.

మూడవది, మర్యాద. ఇచ్చే చెయ్యిగా ఉన్నవారికి సాయం చేసేటప్పుడు ఫోటో, బ్యానరు, వేదిక వద్దు. ఫీజు నేరుగా బడిలో కట్టి రసీదు ఇంటికి పంపితే చాలు. తిరిగి ఇవ్వగలిగినప్పుడు ఇస్తానంటే ఖర్జె హసనాగా ఇవ్వవచ్చు. అడగకుండా వచ్చిన అప్పు కూడా కొందరికి దానంకంటే గౌరవంగా ఉంటుంది.

నాలుగవది, మొత్తం. ఒక పిల్లవాడి చదువు ఆగిపోవడానికి తరచు కారణమయ్యేది పెద్ద మొత్తం కాదు. ఒక పరీక్ష ఫీజు, రెండు నెలల బాకీ, బస్ పాసు, లెక్కల ట్యూషను. వంద మందికి పంచే దుప్పట్ల ఖర్చుతో ఎందరి పదో తరగతి పూర్తవుతుందో ప్రతి కమిటీ ఒకసారి లెక్క వేసుకోవాలి.

1990-91 బ్యాచ్‌లో కొందరు చదువు పూర్తి చేసి, సంస్కరణల తర్వాత వచ్చిన ఉద్యోగాల్లో చేరి, కొందరు అమెరికా, కెనడా దాకా వెళ్లి స్థిరపడ్డారు. వాళ్ల పక్క బెంచీలో కూర్చున్నవాళ్లు కొందరు అదే ఏడు బడి మానేశారు. ఇద్దరి తెలివితేటల్లో తేడా లేకపోవచ్చు. ఆ డిసెంబరులో ఒకరి ఫీజు మామూనో, తాయానో, పొరుగువాడో కట్టారు. ఇంకొకరికి ఎవరూ కట్టలేదు. లోకంలో యుద్ధాలు ఆపడం మన చేతిలో లేదు. ఈ డిసెంబరులో మన వీధిలో ఎవరి పరీక్ష ఫీజు ఇంకా కట్టలేదో కనుక్కోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.