డాక్టరు ముందు దొరకని గుండె దడ

కిందటేడు ఒక రాత్రి రిలీజు పని ముగించుకుని లాప్‌టాప్ మూస్తుంటే ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకోవడం మొదలుపెట్టింది. మెట్లెక్కింది లేదు, పరుగెత్తింది లేదు, కుర్చీలోనే ఉన్నాను. చేతి గడియారం చూస్తే నిమిషానికి 184! మా ఆవిడ కంగారుగా కారు తీసి ఎమర్జెన్సీకి చేర్చేలోపలే, ఎవరో స్విచ్చి ఆపినట్టు ఆగిపోయింది. అక్కడ తీసిన ఇ.సి.జి. శుభ్రంగా ఉంది. కాఫీ తగ్గించమని చెప్పి పంపేశారు. ఆ తరవాత సుమారు మూడు వారాలకోసారి ఇదే వరస.

ఇలాంటి బగ్గులు మనకి కొత్తేమీ కాదు. కస్టమరు దగ్గర వస్తుంది, మనం తెరిచి చూసే వేళకి మాయమవుతుంది. అప్పుడు మనం చేసే మొదటి పని లాగింగ్ ఆన్ చెయ్యడం. గుండెకి కూడా అదే చెయ్యాలని నాకు ఆలస్యంగా తట్టింది.

చిన్న లెక్క వేద్దాం. మామూలు ఇ.సి.జి. కాగితం మీద ఉండేది 10 సెకన్ల రికార్డు. నా దడ మూడు వారాలకోసారి, 20 నిమిషాలు. 21 రోజులంటే 30,240 నిమిషాలు. అంటే ఏదో ఒక వేళ తీసిన ఇ.సి.జి.లో అది దొరికే అవకాశం 1500లో ఒకటి! 24 గంటలు కట్టుకుని తిరిగే హోల్టర్ మానిటర్‌తో 21లో ఒకటి. ఛాతీకి అంటించుకునే 14 రోజుల పాచ్‌తో మూడింట రెండు వంతులు. (హోల్టర్ అన్నది మనిషి పేరే. మోంటానాకి చెందిన నార్మన్ హోల్టర్ 1940లలో చేసిన తొలి యంత్రాన్ని వీపున మోసుకు తిరగాల్సి వచ్చేది, బరువు 30 కిలోల పైమాటే.)

మరి గడియారం రోజంతా చేతికే ఉంటుంది కదా అంటారా? అది చూసేది వేరు. దాని అడుగున ఉన్న పచ్చ లైటు, చర్మం కింద రక్తం పెరిగి తగ్గడాన్ని బట్టి నాడిని అంచనా కడుతుంది. బెల్టు వదులైనా, మీరు పరుగెత్తుతున్నా తప్పులెక్క రావచ్చు. పైగా తాళం తప్పిందా అని వెనకాల చేసే పరీక్ష నిరంతరం సాగేది కాదు, అప్పుడప్పుడూ జరిగేది. అదే గడియారం మీద రెండో చేతి వేలు పెట్టినప్పుడు మాత్రం రెండు చేతుల మధ్య గుండె విద్యుత్తుని 30 సెకన్లపాటు గీస్తుంది. అది నిజమైన ఇ.సి.జి.యే, కాకపోతే ఆస్పత్రిలో 12 కోణాల నుంచి చూస్తే ఇది ఒక్క కోణం నుంచి చూస్తుంది.

ఇక్కడ రెండు జబ్బుల్ని కలిపెయ్యకూడదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులు గిలగిలలాడి తాళం అడ్డదిడ్డంగా నడుస్తుంది. ఆ గదుల్లో రక్తం గడ్డకట్టి మెదడుకి చేరితే పక్షవాతం. గడియారాలు "తాళం తప్పింది" అని హెచ్చరించేది దీని గురించే. నాకొచ్చినట్టు తాళం తప్పకుండా వేగం మాత్రమే పెరిగితే ఆ హెచ్చరిక రానే రాదు.

హెచ్చరిక వచ్చినా వెంటనే హడలిపోనక్కరలేదు. 2019లో ప్రచురించిన ఆపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది పాల్గొంటే హెచ్చరిక అందుకున్నది 0.52 శాతమే. వాళ్ళలో ఆ తరవాత పాచ్ కట్టుకుని తిరిగి పంపిన 450 మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ బయటపడింది 34 శాతానికి. మిగతావన్నీ తప్పుడు హెచ్చరికలని అనుకోకండి. పాచ్ ఒంటిమీద ఉండగా వచ్చిన హెచ్చరికల్లో 84 శాతం, ఆ సమయంలో నిజంగానే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవి. జబ్బు వచ్చిపోయేది కనక పాచ్ కట్టేనాటికి దొరకలేదంతే.

ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి ఇవి కొనిచ్చేవాళ్ళు ఒక్క సంగతి తప్పక చెప్పండి. ఇవేవీ గుండెపోటుని పట్టవు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే రికార్డింగు మాట వదిలేసి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

నేను రెండు వేళ్ళు ఆనించే చిన్న రికార్డరు ఒకటి కొని దిండు పక్కన పెట్టుకున్నాను. దానితోపాటు ఒక నోటుబుక్కు: ఎన్నింటికి, ఏం చేస్తుండగా, మెల్లిగా పెరిగిందా ఒక్కసారిగా మొదలైందా, ఎలా ఆగింది. అయిదో వారంలో దొరికింది. యాప్ "నిర్ణయించలేము" అని చేతులెత్తేసింది. నేను నీరుగారిపోయాను కానీ, కార్డియాలజిస్టు గారు యాప్ మాట పట్టించుకోనేలేదు. గీతలు చూసి, నోటుబుక్కులో "ఒక్కసారిగా" అన్న మాట దగ్గర వేలు పెట్టి, ఇది ఎస్.వి.టి., అంటే పై గదుల వైపునుంచి వచ్చే షార్ట్ సర్క్యూట్ లాంటిది అన్నారు. మళ్ళీ వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి ముక్కి ఆపడం ఎలాగో నేర్పారు. దానికీ లొంగకపోతే ఆ సర్క్యూట్‌ని కాల్చేసే అబ్లేషన్ ఉంది. చేయించుకోవాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.